ఓల్డాన్ అన్న మనిషి

మొన్న మా ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షనుకని అమలాపురంలో రాజోలు బస్సెక్కాను. నగరం అనే ఊళ్ళో ఒక ముసలమ్మ దిగింది గానీ, సంచీ సీటు కిందే మర్చిపోయింది. బస్సు కదిలింది. వెనకనుంచి కండక్టరు "ఓల్డాన్! ఓల్డాన్!" అని అరిచి, బస్సు రేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. బస్సు ఆగింది. ముసలమ్మ సంచీ అందుకుని, "నీ కడుపు చల్లగుండ నాయనా" అంది. జరిగింది అంతే. అంతదానికే నాకు కళ్ళు ధారలు కట్టాయి. పక్క సీట్లో పిల్ల కంగారుపడి, "ఏమైందండీ, ఒంట్లో బాలేదాండీ?" అంది. "ఏం లేదమ్మా, కంట్లో దుమ్ము పడింది" అన్నాను. కిటికీ అద్దం వేసే ఉంది. ఆ పిల్ల మంచిది, అద్దం సంగతి ఎత్తలేదు.

మా పక్కింటాయన రిటైరయిన బస్సు కండక్టరు. ఆయన పేరు చెప్పను. చెప్పినా మా వీధిలో సగంమందికి తెలియదు, అందరికీ కండక్టరుగారే. నాకు మాత్రం బాబాయిగారు. చుట్టరికమేమీ లేదు, గోడకి అటొకరం ఇటొకరం, అంతే. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు కలగలేదు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఒకరోజు పొద్దున్నే గోడ మీంచి పిలిచారు. "అమ్మాయ్, నేను పోస్టరు పనికి ఒప్పుకున్నాను" అన్నారు.

"ఈ వయసులో నిచ్చెనలెక్కి పోస్టర్లు అంటించడం ఏంటండీ బాబాయిగారూ? ఏ సినిమాకండీ?" అన్నాను.

ఆయన నన్నోసారి చూసి, భుజానికున్న తోలుసంచీ మూత ఎత్తారు. డ్యూటీలో టిక్కెట్లు పెట్టుకున్న పాత సంచీ అది. లోపల ముగ్గురు హీరోలు, ఇంకా కళ్ళయినా తెరవలేదు.

అమలాపురంలో కుక్కల షెల్టరు ఒకటుంది. తల్లి లేని పిల్లల్నీ, బండి కింద పడి కాలు విరిగినవాటినీ, గోదారి పొంగితే లంకల్లో చిక్కుకుపోయినవాటినీ అక్కడికి తెస్తారు. అందులో మరీ పసివాటిని పెద్ద కుక్కల మధ్య ఉంచితే జబ్బులంటుకుంటాయని, కోలుకునేదాకా ఎవరింట్లోనైనా ఉంచుకోమని ఇస్తారు. తేరుకున్నాక షెల్టరువాళ్ళే మంచి ఇల్లు చూసి పంపేస్తారు. ఉంచుకున్నవాళ్ళకి దక్కేది ఆ నాలుగు రోజులే. దాన్ని ఫోస్టరు అంటారట. ఆయన నోట్లో అది పోస్టరయింది.

"అయితే అంటించడమేం లేదన్నమాట" అన్నాను.

"అసలు అంటించుకోకూడదమ్మాయ్. అదొక్కటే షరతు. అంటించుకున్నామా, ఊడదీసేటప్పుడు గోడ కూడా ఊడొచ్చేస్తాది" అన్నారు.

అందుకనే ఏ పిల్లకీ పేరు పెట్టేవారు కాదు. దొరికిన ఊరి పేరుతో పిలిచేవారు. "టిక్కెట్టు మీద ప్యాసింజరు పేరుంటాదేంటమ్మా? ఎక్కిన స్టాపు, దిగే స్టాపు. మనకంతే కావాలి" అనేవారు. దాంతో పొద్దున్న లేస్తే గోడ అవతల నుంచి, "గన్నవరం పాలు తాగేసింది గానీ పోలవరం మూతి పెట్టట్లేదమ్మాయ్" అనో, "కొత్తపేటకి కాలు కట్టు విప్పేరు" అనో వినబడేది. ఒకసారి కూరగాయలామె గంప దించుకుంటుంటే ఈయన అవతల నుంచి, "నగరానికి ఒళ్ళంతా పేలేనమ్మా!" అని కేకేశారు. ఆమె చరాలున లేచింది. "మాది నగరమేనండి! మా కొంపలో ఎవరికీ పేల్లేవండి! ఎవరండీ ఆ అన్నది?" అని గోడెక్కినంత పని చేసింది. ఆ పిల్లని చూపిస్తే గానీ చల్లబడలేదు. పోతూపోతూ మా ఊరిదేనంటూ దానికో క్యారెట్టు ఇచ్చి వెళ్ళింది.

కొబ్బరిపీచు పరిచి పడకలు వేసేవారు. కొబ్బరిచిప్పల్లో పాలు పోసేవారు. పిల్లలన్నీ ఒకే చిప్ప మీద పడితే, "లోపలికి జరగండి, జరగండి. వెనకాలంతా ఖాళీయే కదండీ" అని వాటికి అండీ పెట్టి మరీ చెప్పేవారు.

పంపేరోజు పిల్లకి నీళ్ళు పోసి, అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, తనే మోసుకొచ్చి తీసుకెళ్ళేవాళ్ళ ఒళ్ళో పెట్టేవారు. ఎంత అన్నం పెట్టాలో, దేనికి భయపడుతుందో రెండు ముక్కల్లో చెప్పేవారు. తర్వాత ఆటో రేకు మీదో కారు డొక్క మీదో అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్!" అనేవారు. బస్సుకి అదే లెక్క: ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. రెండో దెబ్బ కొట్టగానే వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయేవారు.

"బండి మలుపు తిరిగేదాకానైనా చూడరేంటండీ?" అని అడిగాను ఓసారి.

"దిగిపోయిన ప్యాసింజరు వెనకాల చూస్తా నిలబడితే బస్సెప్పుడు వెళ్ళుద్దమ్మా?" అన్నారు.

కానీ ఆ పూట ఆయనింట్లో పొయ్యి వెలిగేది కాదు. కొబ్బరిచిప్పలన్నీ నూతి దగ్గర వేసుకుని బూడిదతో తోమేవారు. తోమినవే మళ్ళీ తోమేవారు.

మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. సెలవు అయిపోయి వెళ్ళేరోజు గుమ్మం ముందు కారు ఆపుకుని మేమందరం ఏడుస్తున్నాం, ఎవరూ ఎవర్నీ వదలడంలేదు. బాబాయిగారు గేటు తీసుకుని వచ్చి కారు మీద రెండు దెబ్బలు కొట్టారు. "రైట్ రైట్! లేటయ్యేకొద్దీ ఏడుపు పెరుగుద్ది గానీ తరగదు" అన్నారు. మా ఆయన ఏడుస్తూనే నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వుతోనే వెళ్ళాడు. ఆ మేలు నేను మర్చిపోలేదు. మర్చిపోకపోవడమే నా కొంప ముంచింది.

ఆ రెండు దెబ్బలే ఇంకోచోట కూడా చూశాను. వరదల్లో తెచ్చిన పిల్ల ఒకటి వాంతులు పట్టుకుని రెండ్రోజుల్లో పోయింది. కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి, మట్టి కప్పి, ఆ మట్టి మీద అరచేత్తో నెమ్మదిగా రెండు దెబ్బలు కొట్టారు. నోటితో ఏమీ అనలేదు. అది నేను గుర్తు పెట్టుకోవలసింది.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక ఇనప పంచ్ ఉండేది. పూర్వం టిక్కెట్లకి చిల్లు కొట్టేవారే, అది. మిషన్లొచ్చాక దాని పని పోయింది గానీ ఆయన జేబులోంచి అది పోలేదు. ఏదైనా ఆలోచనలో పడితే తీసి టిక్కు టిక్కుమని నొక్కేవారు. పిల్లలకి అన్నం కలిపి గిన్నె కింద పెట్టాక కూడా అంతే, టిక్కు టిక్కు. ఎక్కడున్నవైనా బోర్లా పడుతూ వచ్చేవి.

గన్నవరం అనే తెల్లపిల్లని కొత్తపేటలో ఒక దర్జీగారింటివాళ్ళు తీసుకున్నారు. మూడోరోజు షెల్టరు డాక్టరమ్మాయి ఫోను చేసింది. "అంకుల్, అది మెతుకు ముట్టడంలేదంట. జ్వరం కూడా లేదు. ఒకసారి చూస్తారా?" అంది. తోడు రమ్మంటే నేనూ బస్సెక్కాను. కుట్టుమిషను పక్కన పడుకుని ఉంది పిల్ల, ముందు గిన్నెడు అన్నం, అందులో కోడి ముక్కలు. దర్జీగారి భార్య, "దేవుడి తోడండి, మేం దాన్నొక్క మాట కూడా అన్లేదండి" అంటోంది, తనేదో తప్పు చేసినట్టు. బాబాయిగారికి ఏమీ తోచలేదు. తోచనప్పుడు చేసేదే చేశారు. జేబులోంచి పంచ్ తీసి నొక్కారు. టిక్కు టిక్కు.

పిల్ల లేచి గిన్నెలో మూతి పెట్టేసింది.

ఆవిడా నేనూ పడీపడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. పంచ్ జేబులో వేసేసుకుని, కత్తెర అడిగి తీసుకుని దర్జీగారి చేతికే ఇచ్చి, గాల్లో రెండుసార్లు ఆడించమన్నారు. అదీ టిక్కు టిక్కుమంది. పిల్ల చెవులు నిక్కించింది. "ఇంక మీ చప్పుడికే తింటాదండి. నా చప్పుడు దీనికి వద్దండి" అన్నారు.

తిరుగు బస్సులో టిక్కెట్టు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత అన్నారు. "తప్పు నాదేనమ్మాయ్. దిగిపోయే ప్యాసింజరు చెవిలో నా చప్పుడు పెట్టి పంపేను. ఇంకోళ్ళ అన్నం దానికి అన్నంలా కనబళ్ళేదు."

ఆ తర్వాత ఏ పిల్లకీ పంచ్ నొక్కి అన్నం పెట్టలేదు. డిపో వచ్చేదాకా.

డిపో పిల్ల కాదు, ముసలిది. చారలచారల ఆడకుక్క, ఒక కన్ను తెల్లబడిపోయింది, వెనక కాళ్ళు ఈడుస్తుంది. బస్సుల డిపోలోనే పుట్టి అక్కడే ముసలిదయింది. బస్సు వెనక్కొస్తుంటే తప్పుకోలేకపోతోందని, డ్రైవర్లే షెల్టరుకి ఫోను చేశారట. పది రోజులు ఉంచండి అంకుల్ అని డాక్టరమ్మాయి తెచ్చి దింపింది. పది రోజులు పోయి ఏడాది దాటింది. వచ్చినవాళ్ళందరూ పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. డిపో ఎప్పటిలా అరుగు మీదే ఉండిపోయేది.

ఒకనాడు బట్టలారేస్తుంటే గోడ అవతల వినబడింది. టిక్కు టిక్కు. తొంగి చూశాను. డిపో గిన్నెలో తింటోంది, ఆయన చేతిలో పంచ్. నన్ను చూసి దొంగతనం పట్టుబడినట్టు గబుక్కున జేబులో వేసుకున్నారు.

"దానికి చెవులు సరిగా వినబడవమ్మా. ఇదైతే వినబడుద్దని..." అన్నారు.

"ఆయ్, అవునండి" అన్నాను.

దానికి చెవులు బ్రహ్మాండంగా వినబడతాయి. మా దొడ్లో చేప తోమితే, ఆ గీకుడు విని గోడ దగ్గరికొచ్చి నిలబడేది.

అప్పటికే ఆయనకి గుండె జబ్బు. కాకినాడ వెళ్ళి ఆపరేషను చేయించుకోవాలన్నారు డాక్టర్లు. నేను పోరేదాన్ని. ఎప్పుడడిగినా ఒకటే మాట. "దీనికో ఇల్లు దొరకనీ, వెళ్తాను. బండిలో ప్యాసింజరుండగా కండక్టరు దిగిపోతే ఎలాగమ్మా?" డాక్టరమ్మాయికి రోజూ ఫోను చేసేవారు. "మా డిపోని ఎవరైనా అడిగేరా అండీ?" ఆ పిల్ల కూడా పాపం ఏదో ఒకటి చెప్పేది. అడగలేదని మాత్రం చెప్పేది కాదు.

ఒకరోజు పొద్దున్న ఆయనకి ఊపిరందలేదు. గన్నవరం నుంచి ఆయన తమ్ముడి కొడుకు కారు తీసుకొచ్చాడు. పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాం. డిపో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కారు చక్రం దగ్గర కూర్చుంది. దాన్ని మెడ పట్టుకుని పక్కకి లాగాను. "దీని సంగతి నేను చూసుకుంటానండి, మీరు ధైర్యంగా ఉండండి" అన్నాను. ఆయన ముఖం బూడిదలా ఉంది. నవ్వించాలనిపించింది. మా ఆయన్ని పంపినరోజు గుర్తొచ్చింది. కారు మీద రెండు దెబ్బలు కొట్టాను.

"రైట్ రైట్!" అన్నాను.

కారు కదిలింది. ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని, తల బయటికి పెట్టి, "ఓల్డాన్! ఓల్డాన్ అమ్మాయ్!" అన్నారు.

నా ఎగతాళికి ఎగతాళి అనుకున్నాను. నేను నవ్వాను. ముందు సీట్లో తమ్ముడి కొడుకూ నవ్వాడు. కారు కాలవ మీద కల్వర్టు దాటి మలుపు తిరిగింది.

ఆ పూట డిపో అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. నాకు తెలుసు కదా, పంచ్ కోసం ఆ ఇల్లంతా వెతికాను. కిటికీలో లేదు, తోలుసంచీలో లేదు, చిలక్కొయ్యకున్న చొక్కాల జేబుల్లో లేదు. వెతుకుతూ వెతుకుతూ ఒక చొక్కా పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకుని ఓల్డాన్ అన్నారో అప్పుడు గుర్తొచ్చింది.

కత్తెర ఆడించాను. మా అత్తగారి అడకత్తెర తెచ్చి నొక్కాను. తాళంచెవులు, గరిటెలు, మూతలు, ఏది దొరికితే అది. డిపో ఒక్కొక్క చప్పుడుకీ తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ తల కాళ్ళ మీద పెట్టేసుకునేది. నీళ్ళు మాత్రం తాగేది.

నాలుగోరోజు తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. "అక్కా, పెదనాన్న నీతో మాట్లాడతానంటున్నారు. కంగారు పెట్టే మాటలేం చెప్పకు. డాక్టర్లు గట్టిగా చెప్పేరు" అన్నాడు. తర్వాత ఆయన గొంతు, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు.

"తింటందా?"

"ఆయ్, తింటోందండి బాబాయిగారూ. రెండు పూటలానండి. గిన్నె నాకేస్తోంది."

కాసేపు ఊపిరి చప్పుడే వినబడింది.

"నొక్కకుండానే?"

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. ఎదురుగా అరుగు మీద డిపో నన్నే చూస్తోంది, డొక్కలు లోపలికి పోయి.

"నొక్కకుండానేనండి" అన్నాను.

"ఓహో" అన్నారు. మళ్ళీ ఊపిరి. "అయితే మంచిదేనమ్మా. ఎవరింట్లోనైనా బతికేస్తాదన్నమాట." ఫోను తమ్ముడి కొడుక్కి ఇచ్చేశారు. ఆ తర్వాత మూడోరోజు పోయారు.

దహనమైన రోజే తమ్ముడి కొడుకు నా చేతిలో పంచ్ పెట్టాడు. "ఆసుపత్రిలో నాలుగు రోజులూ గుప్పిట్లోనే పెట్టుకున్నారక్కా. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నీకిచ్చి రమ్మన్నారు నన్ను. నీతో ఫోను మాట్లాడేక, వద్దులేరా, ఇంక దీంతో పన్లేదంట అని నాకిచ్చేసేరు" అన్నాడు.

నా అబద్ధం విని ఆయన కుదుటపడ్డారో, నొచ్చుకున్నారో నాకు తెలియదు. ప్యాసింజరు భద్రంగా దిగిందని అనుకుని కళ్ళు మూశారో, ఆ ఒక్క ప్రాణానికి కూడా తను అక్కర్లేకపోయానని అనుకున్నారో. రెండూ అనుకుని ఉంటారు. రోలు కడుగుతున్నా, అన్నం వారుస్తున్నా ఆ "ఓహో" నా చెవిలో ఉంటుంది. ఆ ఒక్క మాటలో ఏముందో వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం అన్నం కలిపి గిన్నె పెట్టి పంచ్ నొక్కాను. డిపో లేచింది. అన్నాళ్ళు సరిగా లేవని కుక్క, గిన్నె దాటి, నన్ను దాటి, ఆయన గేటు దాకా పరిగెత్తింది. గేటు ఊచల్లోంచి లోపలికి చూసింది. చాలాసేపు చూసి, నెమ్మదిగా వెనక్కొచ్చి తినడం మొదలుపెట్టింది. నేను ఆ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

మూడు నెలలు మా ఇంట్లోనే ఉంది. అప్పుడు డాక్టరమ్మాయి ఒక రిటైరయిన హెడ్మిస్ట్రెస్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. రాజోలు వైపు ఆవిడ. ఒక్కరే ఉంటారు, పెంచుకున్న కుక్క పోయిందట. "కుక్కపిల్లలొద్దమ్మా. నాతో సమానంగా నడిచేది కావాలి" అన్నారు. డిపో ఆవిడ చేతికర్ర వాసన చూసి, ఆవిడ చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఎన్నాళ్ళు వెతికారో బాబాయిగారు ఈ ఇంటి కోసం.

"పేరేంటమ్మా?" అని అడిగారావిడ.

"డిపో అండి."

"దెబోరా? ఎంత మంచి పేరు! బైబిల్లో న్యాయాధిపతమ్మా ఆవిడ" అన్నారు. నేను దిద్దలేదు. ఎక్కిన స్టాపు పేరు పోయి, దానికి సొంత పేరు వచ్చింది.

కారెక్కించాను. పంచ్ నా కొంగు ముడిలో ఉంది. ఇవ్వకూడదనే అనుకున్నాను. దిగిపోయే ప్యాసింజరు చెవిలో మన చప్పుడు పెట్టి పంపకూడదని ఆయనే కదా చెప్పారు. ఆవిడ ఇంట్లో ఏ చెంచా చప్పుడుకో అలవాటు పడుతుందిలే అనుకున్నాను. కారు కదిలింది. వెనక అద్దంలోంచి డిపో నన్ను చూడటంలేదు. ఆయన గేటు వైపు చూస్తోంది.

"ఓల్డాన్!" అని అరిచాను. "ఓల్డాన్! ఓల్డాన్!"

వీధిలో అందరూ తలుపులు తీసి చూశారు. కారు కల్వర్టు దగ్గర ఆగింది. పరిగెత్తుకెళ్ళి కొంగు ముడి విప్పి, పంచ్ ఆవిడ చేతిలో పెట్టాను. రొప్పు వచ్చి మాట రావడంలేదు.

"అన్నం పెట్టేటప్పుడు దీన్ని రెండుసార్లు నొక్కండమ్మా. నొక్కకపోతే తినదండి. అసలు ముట్టదండి" అన్నాను. ఎవరికి చెప్పాల్సిన మాట ఎవరికి చెప్తున్నానో నాకే తెలియలేదు. ఏడుపొచ్చేసింది.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"కండక్టరుగారిదండి."

ఆవిడ దాన్ని గుప్పిట్లోకి తీసుకున్నారు. రెండుసార్లు నొక్కి చూశారు. టిక్కు టిక్కు. డిపో చెవులు లేచాయి. గేటు మీంచి కళ్ళు తిప్పి, ఆవిడ చేతి వైపు చూసింది.

"వెళ్ళమంటారాండీ?" అన్నాడు డ్రైవరు.

కారు రేకు మీద ఒక దెబ్బ కొట్టాను. రెండో దెబ్బకి చెయ్యి లేవడానికి చాలాసేపు పట్టింది.